గడ్డ తీయకముందు, తీశాక: ఎముక ముక్క చెప్పే లెక్క

గోల్డ్‌నర్ ట్రైక్రోమ్ అనే రంగు పట్టించిన ఎముక పొరను మైక్రోస్కోపు కింద పెడితే గట్టిపడిన ఎముక ఆకుపచ్చగా, ఇంకా గట్టిపడనిది ఎర్రగా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ ఎరుపు కోసం వెతుక్కోవాలి. ఎముక లోపల జాలీలా అల్లుకున్న పట్టెల అంచున అక్కడక్కడా సన్నంచు చీర అంచులా ఉంటుంది, అంతే. ఆస్టియోమలేషియా, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు, ముదిరిన మనిషిలో వెతకాల్సిన పనే లేదు. ప్రతి పట్టెకూ రెండువైపులా పెద్ద బోర్డరే. కొన్నిచోట్ల నడుమ పచ్చదనం గీతలా మిగిలి చుట్టూ అంతా ఎరుపే.

కొన్ని నెలల తర్వాత అదే మనిషి నుంచి మళ్లీ ముక్క తీసి చూస్తే ఎరుపు చాలావరకు పచ్చబడి ఉంటుంది. ఈ మధ్యకాలంలో ఆ ఎముక మీద ఎవరూ చెయ్యి వేయలేదు. సర్జన్ కత్తి పెట్టింది ఎక్కడో పాదంలోనో, ముక్కు పక్కనుండే గాలిగదిలోనో దాగిన చిన్న గడ్డ మీద. పాదంలో గడ్డ తీస్తే తుంటి ఎముక ఎలా గట్టిపడింది? ఈ జబ్బు గుట్టంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఎముక కట్టడం స్లాబ్ పోయడం లాంటిది. ముందు చువ్వలు కట్టాలి, తర్వాత కాంక్రీటు పోయాలి. ఆస్టియోబ్లాస్టులనే కణాలు ముందు కొల్లాజెన్ పోగులను అల్లుతాయి. ఆ అల్లిక పేరే ఆస్టియాయిడ్, స్లైడులో కనిపించే ఎరుపు అదే. కొన్నాళ్లకు అందులోకి క్యాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికాలు దిగి గట్టిపడుతుంది. ఆస్టియోమలేషియాలో చువ్వలు కట్టే మేస్త్రీ పని మానడు, కాంక్రీటు మాత్రం రాదు. పిల్లల్లో, ఎముక ఇంకా పొడవు పెరుగుతున్న వయసులో ఇదే లోపం వస్తే రికెట్స్ అంటాం.

బోలు ఎముకల జబ్బు, అంటే ఆస్టియోపొరోసిస్, దీనికి పూర్తిగా వేరు. అక్కడ కట్టడమే తక్కువ, ఉన్నది మాత్రం గట్టిదే. తిప్పలేమిటంటే ఎముక సాంద్రత చూసే డెక్సా యంత్రానికి ఖనిజమే కనిపిస్తుంది, కొల్లాజెన్ కనిపించదు. చువ్వలు కట్టి కాంక్రీటు పోయని స్లాబైనా, అసలు స్లాబే లేకపోయినా దాని దృష్టిలో ఒకటే. అందుకే ఆస్టియోమలేషియా ఉన్నవాళ్ల చేతికి ‘ఆస్టియోపొరోసిస్’ అన్న రిపోర్టు వస్తుంది, దాని వెంటే ఎముక అరుగుదలను ఆపే మందులు వస్తాయి. కాంక్రీటు అందని చోట కూల్చివేతను ఆపితే ఒరిగేదేమీ లేదు. ఆ కోవలోని పాత మందు ఎటిడ్రోనేట్ అయితే ఖనిజం దిగడాన్నే అడ్డుకుంటుంది.

ఆస్టియోమలేషియాకు కారణాలు చాలా. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది విటమిన్ డి లోపం, దానికి మందులు చాలు. ఆపరేషన్‌తో నయమయ్యే రకం అరుదు. శరీరంలో ఎక్కడో పెరిగిన చిన్న కణితి వల్ల వచ్చే ఆస్టియోమలేషియా అది. ఆ కణితి చాలావరకు క్యాన్సర్ కూడా కాదు.

దీని కథ 1947లో మొదలైంది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ మెక్‌కాన్స్ అనే వైద్యుడు ఎముకలు మెత్తబడిన ఒక యువతి కేసును ప్రచురించారు. విటమిన్ డి భారీ మోతాదుల్లో ఇచ్చినా పూర్తిగా తేరుకోని ఆమె, తొడ ఎముకలోని గడ్డ తీశాక కోలుకుంది. మెక్‌కాన్స్ మాత్రం దాన్ని విటమిన్ డికి శరీరం లొంగకపోవడంగానే చూశారు, నేరాన్ని గడ్డ మీద మోపలేదు. 1959లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఆండ్రియా ప్రాడెర్‌కు రికెట్స్ ఉన్న 11 ఏళ్లు దాటిన అమ్మాయిలో పక్కటెముక దగ్గర గడ్డ కనిపించింది. దాన్ని తీశాక రికెట్స్ మానింది. గడ్డే ఏదో పదార్థాన్ని రక్తంలోకి వదులుతోందని ఊహించినవాడు ప్రాడెర్. ఆ పదార్థం దొరకడానికి మరో 40 ఏళ్లు పట్టింది. 2000లో వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం రికెట్స్‌కు ఎఫ్‌జీఎఫ్-23 అనే జన్యువులోని మార్పు కారణమని తేలింది. మరుసటి ఏడాదే జపాన్ శాస్త్రవేత్తలు ఈ గడ్డలు వదిలేదీ ఆ జన్యువు తయారుచేయించే, అదే పేరున్న హార్మోనే అని చూపించారు.

ఎఫ్‌జీఎఫ్-23 విషం కాదు, మన ఎముక కణాలే రోజూ తయారుచేసే హార్మోన్. రక్తంలో ఫాస్ఫేట్ ఎక్కువైతే మూత్రంలోకి తోసేయమని కిడ్నీకి చెప్పడం దాని పని. గడ్డ దాన్ని అదుపూ ఆపూ లేకుండా వదులుతుంది. కిడ్నీ ఫాస్ఫేట్‌ను బయటికి పంపుతూనే ఉంటుంది. పైగా విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చడం కూడా తగ్గిస్తుంది కాబట్టి పేగుల నుంచి కొత్త ఫాస్ఫేట్ రావడమూ తగ్గుతుంది. పెద్దవాళ్ల రక్తంలో డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు ఉండాల్సిన ఫాస్ఫరస్ (రక్తంలోని ఫాస్ఫేట్‌ను రిపోర్టులో రాసేది ఈ పేరుతోనే) రెండుకు, ఒకటిన్నరకు దిగిపోతుంది. క్యాల్షియం మాత్రం మామూలుగానే ఉంటుంది, మోసం చేసేది అదే.

కేసు రిపోర్టులు పదీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకే మనిషి కనిపిస్తాడు. నలభై ఏళ్లవాడు. ముందు మడమ నొప్పి, తర్వాత పక్కటెముకలు, ఆ తర్వాత తుంటి. కింద కూర్చుంటే చెయ్యి ఊనకుండా లేవలేడు, బస్సు మెట్టు ఎక్కలేడు, బాతులా అటూ ఇటూ ఊగుతూ నడుస్తాడు. కీళ్లవాతమన్నారు, డిస్కు జారిందన్నారు, చివరికి మనసుకు సంబంధించిందన్నారు. క్యాల్షియం, విటమిన్ డి, యూరిక్ యాసిడ్, థైరాయిడ్ అన్నీ చూశారు, ఫాస్ఫరస్ మాత్రం చూడలేదు. ఖర్చు తక్కువ పరీక్షే, కానీ చాలా ప్యాకేజీల్లో ఉండదు, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని రాయాలి. అది రాసేసరికి ఏళ్లు గడిచిపోతాయి. వెల్లూరు సీఎంసీ, ముంబై కేఈఎం, ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ప్రచురించిన ఇలాంటి కేసుల్లోనూ ఆలస్యం కథ ఒకటే.

బయాప్సీ సంగతికి వద్దాం. నడుముకు పక్కన చేతికి తగిలే తుంటి ఎముక అంచుంది కదా, దాని ముందు మొనకు సుమారు రెండు సెంటీమీటర్ల కిందా వెనకా చర్మానికి మత్తిచ్చి, చిన్న గాటు పెట్టి, గుండ్రటి బోలు పరికరంతో ఎముకను అటు నుంచి ఇటు తొలిచి తీస్తారు. బయటికి వచ్చేది పెన్సిల్ ముక్కంత ఎముక. రెండు చివర్లా గట్టి పెంకు, మధ్యలో జాలీలా అల్లుకున్న పట్టెలు.

అక్కడి నుంచి ల్యాబ్‌కు వెళ్లే దారిలోనే చాలా ముక్కలు పాడవుతాయి. మామూలు పాథాలజీ ల్యాబ్‌లో ఎముక వస్తే ముందు చేసే పని యాసిడ్‌లో నానబెట్టడం. ఖనిజం కరిగిపోతే మైనంలో పెట్టి సులువుగా కోయొచ్చు. క్యాన్సర్ కోసమో, ఇన్‌ఫెక్షన్ కోసమో చూసేవాళ్లకు అదే పద్ధతి. ఆస్టియోమలేషియా కోసం చూసేవాళ్లకు మాత్రం అది దస్తావేజును నీళ్లలో నానబెట్టడమే. ఎక్కడ ఖనిజం ఉంది, ఎక్కడ లేదు అన్నదే ప్రశ్న అయినప్పుడు ఖనిజాన్నంతా కడిగేసి ఏం చూస్తాం? అందుకే ముక్కను ఆల్కహాల్‌లో ఉంచి, మైనానికి బదులు గట్టి ప్లాస్టిక్‌లో పోతపోసి, ఉక్కు కన్నా గట్టి టంగ్‌స్టన్ కార్బైడ్ కత్తితో అయిదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోస్తారు. ఈ ఏర్పాటున్న ల్యాబులు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంత చేసినా చేతికొచ్చేది నిలిచిపోయిన బొమ్మే. ఎరుపు ఎక్కువుందని తెలుస్తుంది, ఎందుకు ఎక్కువుందో తెలియదు. మేస్త్రీలు మరీ చురుగ్గా కడుతున్నా ఎరుపు పెరుగుతుంది. మెడలో ఉండి రక్తంలో క్యాల్షియాన్ని చూసుకునే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసేవాళ్లలో ఎర్ర పట్టీ చాలా మేర పరుచుకుని ఉంటుంది, కానీ పలచగా ఉంటుంది, కాంక్రీటు వేళకే వస్తుంటుంది. దీన్నీ దాన్నీ వేరుచేయాలంటే ఎముకలో గడియారం పెట్టాలి.

ఆ గడియారం టెట్రాసైక్లిన్. చిన్నపిల్లల పళ్లను పసుపుపచ్చగా మార్చి అప్రతిష్ఠ తెచ్చుకున్న పాత యాంటీబయాటిక్ ఇది. అది అప్పుడే దిగుతున్న ఖనిజానికి అంటుకుని, అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరుస్తుంది. 1957లో గమనించిన ఈ గుణాన్ని హెరాల్డ్ ఫ్రాస్ట్ అనే అమెరికన్ వైద్యుడు 1960లలో కొలబద్దగా మలిచారు. బయాప్సీకి ముందు మూడు రోజులు మాత్రలు, 12 రోజులు విరామం, మళ్లీ మూడు రోజులు మాత్రలు, ఇంకో అయిదు రోజులాగి ముక్క తీయడం. మాత్ర వేసుకున్న పూట పాలు, మజ్జిగ దూరం పెట్టాలి, వాటిలోని క్యాల్షియం మందును పేగులోనే పట్టేసుకుంటుంది. మజ్జిగ లేకుండా అన్నం తిననివాళ్లకు ఈ ఆరు రోజులే అసలు కష్టం.

మంచి ఎముకలో అప్పుడు రెండు మెరిసే గీతలు కనిపిస్తాయి, పక్కపక్కనే, రైలు పట్టాల్లా. ఖనిజం రోజుకు 0.6 నుంచి 0.7 మైక్రాన్ల చొప్పున ముందుకు జరుగుతుంది. మొదటి మాత్రలకూ రెండోసారి మాత్రలకూ నడుమ 15 రోజులు కాబట్టి గీతల మధ్య దూరం దాదాపు 10 మైక్రాన్లు. ఆస్టియోమలేషియాలో ఆ పట్టాలు ఉండవు. రెండు గీతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే మసక పట్టీ అవుతాయి, ముదిరితే అసలు మెరుపే ఉండదు. ఖనిజం దిగని చోట మందు దేన్ని అంటుకుంటుంది?

ఈ కొలతలన్నిటినీ ఒక అంకెలోకి దించితే వచ్చేది ఖనిజం దిగడంలో జరిగే ఆలస్యం. చువ్వలు కట్టిన రోజు నుంచి కాంక్రీటు పడే రోజు దాకా సగటున ఎన్నాళ్లన్నమాట. ఆస్టియాయిడ్ మందాన్ని ఖనిజం కదిలే వేగంతోనూ, ఎర్ర అంచులో ఎంత భాగం మీద గీతలు పడ్డాయన్న నిష్పత్తితోనూ భాగించాలి. లెక్క తెలియడానికి కొన్ని అంకెలు ఊరికే అనుకుందాం. ఆపరేషన్‌కు ముందు మందం 40 మైక్రాన్లు, వేగం రోజుకు 0.2, గీతలు పడ్డది అయిదో వంతు మీద. 40ని 0.04తో భాగిస్తే 1000 రోజులు! ఇవాళ అల్లిన పోగు మూడేళ్లకు గానీ గట్టిపడదు. ఆపరేషన్ తర్వాత మందం 10, వేగం 0.6, గీతలు పడ్డది 70 శాతం మీద అనుకుంటే 24 రోజులు. మామూలు మనిషిలో ఉండేది అంతే, మూడు నాలుగు వారాలు. ఆస్టియోమలేషియా అని రాయడానికి నిపుణులు పెట్టుకున్న గీటు ఏమిటంటే మందం 12.5 మైక్రాన్లు దాటాలి, ఆలస్యం 100 రోజులు మించాలి. రెండూ ఉండాలి. అసలు గీతలే పడని ముక్కలో ఈ లెక్క కుదరదు, సున్నాతో భాగించలేం కదా. జబ్బు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నచోటే అంకె దొరకకపోవడం ఈ పద్ధతిలోని వింత.

ఇక గడ్డ తీశాక జరిగేది రెండు వేగాల్లో జరుగుతుంది. రోగికీ, ఒక్కోసారి డాక్టరుకూ తికమక తెచ్చేది ఇదే.

రక్తం వేగం ఒకటి. ఎఫ్‌జీఎఫ్-23 రక్తంలో సగానికి తగ్గడానికి గంట కూడా పట్టదు. గడ్డ పూర్తిగా వచ్చేస్తే ఆ రోజే హార్మోన్ పడిపోతుంది. విటమిన్ డి చురుకైన రూపం ఎగబాకుతుంది, కొన్నాళ్లు మామూలు హద్దు దాటి కూడా. కిడ్నీ ఫాస్ఫేట్‌ను పట్టుకోవడం మొదలుపెడుతుంది. చాలామందిలో వారం పది రోజుల్లో ఫాస్ఫరస్ మామూలుకు వస్తుంది. రిపోర్టు చూసినవాళ్లెవరైనా జబ్బు నయమైందనే అంటారు.

ఎముక వేగం వేరు. ఏళ్ల తరబడి పేరుకున్న ఎరుపు అప్పటికింకా ఎక్కడిదక్కడే ఉంది, దానికిప్పుడు సరుకు అందడం మొదలైందంతే. ఎముక రక్తంలోంచి క్యాల్షియాన్ని, ఫాస్ఫేట్‌ను గుంజుకుంటుంది. కొందరిలో క్యాల్షియం తగ్గి వేళ్లు తిమ్మిరెక్కేది అందుకే. ఎముక కణాల హడావిడిని చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తగ్గడానికి బదులు మొదట్లో పెరగొచ్చు కూడా. ఆపరేషన్ తర్వాత ఆ అంకె పెరిగితే కంగారుపడటం సహజమే, కానీ ఫాస్ఫరస్ బాగున్నప్పుడు అది మానుతున్న ఎముక చప్పుడు. నెలలు గడిచేకొద్దీ అదే దిగుతుంది.

అప్పుడు రెండో బయాప్సీ చేస్తే, అదీ ఈసారి అవతలి తుంటి నుంచి, ఎందుకంటే మొదటిచోట మానిన గాయం ఎముకే కనిపిస్తుంది కాబట్టి, మార్పు ఒక వరసలో చదువుకోవచ్చు. ముందు గీతలు తిరిగొస్తాయి. మసక పట్టీ విడిపోయి రెండు గీతలవుతుంది, వాటి నడుమ దూరం పెరుగుతుంది. ఖనిజం నడక మళ్లీ మొదలైందనడానికి సాక్ష్యం అది. దాని వెనక ఎర్ర పట్టీ మందం తగ్గుతుంది. పోగులు మాయమై కాదు, అక్కడే ఉండి గట్టిపడి. ఎరుపు పరుచుకున్న మేర తగ్గడానికి ఇంకా సమయం పడుతుంది. పాత ఎముకను తవ్వితీసే ఆస్టియోక్లాస్టులు ఖనిజం లేని ఆస్టియాయిడ్‌ను ముట్టుకోలేవు. ఎర్ర పొర కప్పుకున్న ఎముక మరమ్మతుకు అందకుండా లోపలే ముసలిదైపోతూ ఉంటుంది. పొర గట్టిపడ్డాకే తవ్వేవాళ్లకు దారి దొరుకుతుంది, అప్పుడే తవ్వడం, కట్టడం అన్న మామూలు చక్రం కదులుతుంది. అంటే రెండో ముక్కలో తవ్విన గుంతలు ఎక్కువగా కనిపించినా కీడు కాదు, ఆగిపోయిన మరమ్మతు పని మొదలైందని దానర్థం.

ఆపరేషన్ తర్వాత డెక్సా అంకెలు ఆస్టియోపొరోసిస్ మందులు వాడేవాళ్లు కలలో కూడా చూడనంతగా పెరగడానికీ కారణం ఇక్కడే ఉంది. ఆస్టియోపొరోసిస్‌లో ఎముకను కొత్తగా కట్టాలి, అది ఏళ్ల పని. ఇక్కడ కట్టుబడి ముందే అయిపోయింది, కాంక్రీటు కోసం కాసుకుని ఉంది. సరుకు వచ్చాక నింపడమే. ఎక్స్‌రేలో పగులులా కనిపించే లూజర్ జోన్లు పూడుకోవడం, చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి కొన్ని నెలల్లో నడవడం, ఇవన్నీ ఆ నింపుడు పైకి కనిపించే తీరు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. ఇలాంటి గడ్డ ఉన్న రోగికి ఇవాళ బయాప్సీ చేయడం తక్కువే. ఫాస్ఫరస్ తక్కువ, మూత్రంలో ఎక్కువ, ఎఫ్‌జీఎఫ్-23 ఎక్కువ అని తేలితే ఎముకను తొలవాల్సిన అవసరం లేదు, ఇలాంటి గడ్డలకు అంటుకునే రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే గ్యాలియం-68 డోటాటేట్ పెట్ స్కాన్‌తో గడ్డను వెతకడమే పని. నా లెక్కలో అది సబబే. బయాప్సీకి విలువ చిక్కుముడి పడ్డచోట. గడ్డ దొరకనివాళ్లకూ, పూర్తిగా తీయలేనివాళ్లకూ ఎఫ్‌జీఎఫ్-23ను కట్టేసే బురోసుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది. ఆ మందు రక్తంలో అంకెలు మార్చడమే కాదు, ఎముకనూ మారుస్తుందని చూపడానికి పరిశోధకులు వైద్యానికి ముందూ 48 వారాల తర్వాతా ఎముక ముక్కలే తీసి పోల్చారు. ఆస్టియాయిడ్ మందం, ఆలస్యం రెండూ తగ్గాయి. రక్తహీనతకు నరంలోకి పదేపదే ఎక్కించే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందు కూడా ఇదే హార్మోన్‌ను పెంచి ఎముకను మెత్తబరచగలదు. అక్కడ తీయడానికి గడ్డే ఉండదు, మందు మార్చాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్య పత్రికలో మొదట వివరించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. నల్లగొండ పేరు చెబితే ఇప్పటికీ గుర్తొచ్చేది వంగిన నడుములే. ఫ్లోరైడ్ ఎక్కువైన ఎముక ఎక్స్‌రేలో పలచగా కాక చిక్కగా కనిపిస్తుంది, అయినా బయాప్సీలో ఎర్ర పట్టీ వెడల్పుగా ఉండొచ్చు. ఆ ప్రాంతాల నుంచి ఎముకల నొప్పితో వచ్చిన మనిషిని చూడగానే ‘నీళ్ల వల్లే’ అనేయడం తేలిక. ఒక్కసారి ఫాస్ఫరస్ చూస్తే ఎవరో ఒక్కరికైనా ఎక్కడో దాగిన గడ్డ బయటపడొచ్చు, ఆ ఒక్కరికి జబ్బు నయమయ్యే జబ్బవుతుంది.

బయాప్సీకి ముందే కత్తి పెడితే చేటయ్యే సందర్భం కూడా ఉంది. డయాలసిస్ రోగుల ఎముకల్లో అల్యూమినియం చేరితే అదీ ఆస్టియోమలేషియాయే, 1970లలో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో నీళ్లలోని అల్యూమినియం వల్ల ఇది బయటపడింది. అలాంటి రోగికి పారాథైరాయిడ్ గ్రంథులు తీసేస్తే ఎముకలో మెల్లగా సాగుతున్న పని కూడా ఆగిపోయి జబ్బు ముదురుతుంది. అందుకే అనుమానమున్నచోట ఆపరేషన్‌కు ముందే ముక్క తీసి, ఖనిజం దిగే అంచున అల్యూమినియం ఉందేమో రంగు వేసి చూస్తారు.

గడ్డ తీసిన మనిషి రెండో బయాప్సీలో అన్నీ సరిపోయినా ఒకటి మిగిలిపోతుంది. మెత్తగా ఉన్న కాలంలో నొక్కుకుపోయిన వెన్నుపూసలు ఆ నొక్కుకున్న ఆకారంలోనే గట్టిపడతాయి. నొప్పి పోయి, నడక తిరిగొచ్చి, రక్తంలో ప్రతి అంకె సరిగ్గా ఉన్నా, జబ్బు మొదలయ్యే నాటికీ ఇప్పటికీ ఎత్తులో తగ్గిన ఆ నాలుగైదు సెంటీమీటర్లు మాత్రం తిరిగి రావు.